ఊట, మేత, దొడ్డి

మా నాన్న కంటి ఆపరేషన్ కోసం బెంగళూరు వచ్చి, మారతహళ్ళిలో మా ఇంట్లో నెల రోజులు ఉన్నారు. వచ్చిన రోజు మధ్యాహ్నం మా పదేళ్ళ వాడు గదిలోకి తొంగిచూసి "తాతయ్యా, ఊట అయిందా?" అని అడిగాడు. నాన్నకు 30 ఏళ్ళుగా రొయ్యల చెరువులే లోకం. భీమవరం దగ్గర మా ఊళ్ళో ఊట అంటే గట్టులోంచి నీళ్ళు కారడం. అది కనిపించిన రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. "ఎక్కడ్రా ఊట?" అంటూ లేచి కూర్చున్నారు. కన్నడలో ఊట అంటే భోజనమని నేను చెప్పేదాకా ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ఉండిపోయారు.

మావాడికి తెలుగు బాగానే అర్థమవుతుంది. మాట్లాడాల్సి వస్తేనే ఇబ్బంది. కింద ఆడుకునే పిల్లలతో కన్నడ, స్కూల్ బస్సులో హిందీ, క్లాసులో ఇంగ్లీషు. బడిలో రెండో భాష కన్నడ, మూడోది హిందీ. ఇక తెలుగుకు మిగిలింది ఇల్లే. మేమిద్దరం ఆఫీసుల నుంచి ఆ ఇంటికి చేరేసరికి రాత్రి ఎనిమిది. తిన్నావా, హోంవర్క్ అయిందా, పడుకో. రోజూ ఈ మూడు ముక్కలే వింటే పిల్లాడికి ఎంత భాష వస్తుంది? ఈ సంగతి తలుచుకుంటే నాకు చాలా రోజులుగా టెన్షన్‌గానే ఉంది.

కంటికి చుక్కలు వేసుకుని నాన్న పగలంతా ఖాళీగా కూర్చునేవారు. మావాడికేమో సెలవులు. మైన్‌క్రాఫ్ట్ అనే వీడియో గేమ్‌లో తను కట్టిన జాంబీ ఫార్మ్ (జాంబీలంటే నడిచే శవాలు) చూపిస్తానని తాతయ్య పక్కన చేరాడు. గుహలో చీకటి గది. మధ్యలో పంజరంలాంటి దిమ్మ, అందులోంచి జాంబీలు పుడుతుంటాయి. గదిలో నీళ్ళు వదిలితే ఆ ప్రవాహానికి అవన్నీ ఒక మూలకు కొట్టుకొచ్చి గోతిలో పడతాయి. గొయ్యి లోతు సరిగ్గా 22 గడులు. అంత ఎత్తు నుంచి పడితే కొన ఊపిరి మాత్రం మిగులుతుంది. అప్పుడు వీడు ఒక్క దెబ్బ వేస్తే చాలు, పాయింట్లు వస్తాయి. ఇంకొక్క గడి లోతు తవ్వితే పడగానే చచ్చిపోతాయి, పాయింట్లు రావు. ఇదంతా సగం ఇంగ్లీషులో, సగం చేతి సైగలతో చెప్పాడు.

నాన్న ఓపిగ్గా విని "మేత ఏం పెడతావు?" అని అడిగారు.

"మేత అంటే?"

"తిండిరా. వాటికి ఏం పెడతావు?"

"ఏమీ పెట్టను తాతయ్యా. వాటంతట అవే వస్తాయి."

"అయితే ఇది పెంపకం కాదు, మావు." కాలవకు అడ్డంగా నీరు పారేచోట వెదురు మావు ఎలా పెడతారో, నీటితో పాటు వచ్చిన చేప వెనక్కి పోలేక అందులో ఎలా చిక్కుకుంటుందో రెండు చేతులూ కలిపి చూపించారు. "మేత పెట్టనిదాన్ని పెంచానని అనకూడదు నాన్నా."

మావాడు చిన్నబుచ్చుకున్నాడు కానీ ఒక సంగతి చెప్పి తాతయ్యను మెప్పించాడు. మనిషి ఆ దిమ్మకు 16 గడుల లోపు ఉంటేనే అది పనిచేస్తుంది. దూరం పోతే ఒక్క జాంబీ కూడా పుట్టదు. నాన్న వెంటనే ఒప్పుకున్నారు. రాత్రిపూట చెరువులో ఆక్సిజన్ పడిపోతుందని, నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్ ఆగితే తెల్లారేసరికి రొయ్య తేలిపోతుందని, అందుకే చెరువు గట్టు మీద షెడ్డులో పడుకునే మనిషి లేకపోతే పంట చేతికి రాదని చెప్పారు. నా చిన్నతనంలో ఆ షెడ్డులో మంచమేసుకుని పడుకున్నది నాన్నే.

మర్నాడు మావాడు పట్టుదలగా, మేత పెట్టే జంతువును తీసుకొచ్చాడు. పేరు హోగ్లిన్. 2020లో ఆటలోకి వచ్చింది. నెదర్ అనే నిప్పుల లోకంలో తిరిగే అడవిపంది లాంటిది, మనిషి కనిపిస్తే కోరలతో ఎత్తి పడేస్తుంది. మీద పడి దాడి చేసే జంతువులు ఆటలో ఎన్నో ఉన్నా జత కట్టించి పిల్లల్ని పెట్టించగలిగేది దీన్నొక్కదాన్నే. ఎర్ర పుట్టగొడుగు రెండింటికీ తినిపించాలి. పిల్ల పెద్దదవడానికి 20 నిమిషాలు, మళ్ళీ జత కట్టడానికి 5 నిమిషాలు ఆగాలి. నీలం పుట్టగొడుగును చూస్తే మాత్రం బెదిరి పారిపోతాయి. "అయితే దాన్ని దొడ్డి వాకిట్లో నాటు, నీ జోలికి రావు" అన్నారు నాన్న. దొడ్డి, మేత, చూలు, ఈత, కంచె. నేను ఎన్ని నెలలు కూర్చోబెట్టి చెప్పినా ఎక్కని మాటలు వారం రోజుల్లో వాడి నోట్లో ఆడాయి. చంపుకునే ఆట అని నేను దాన్ని ఇంతకాలం ఇష్టపడలేదు. అది నా పొరపాటే.

ఒక సాయంత్రం వాడు అన్న మాట నాకు గుచ్చుకుంది. "తాతయ్యా, హోగ్లిన్‌ని దాని ఊరు నుంచి మన లోకానికి తెస్తే 15 సెకన్లలో జోగ్లిన్ అయిపోతుంది. ఇంక దేన్నీ గుర్తుపట్టదు, దాదాపు అన్నింటి మీదా పడుతుంది. మేత కూడా తీసుకోదు." పిల్లాడు ఆట సంగతే చెప్పాడు. ఊరు వదిలి వచ్చి పదమూడేళ్ళయిన నాకు అది ఆట మాటగా వినిపించలేదు.

నాన్న కాసేపు ఆలోచించి వనామీ రొయ్య సంగతి ఎత్తారు. టైగర్ రొయ్య తెల్లమచ్చ తెగులుతో దెబ్బతిన్న రోజులు చూసిన మనిషి ఆయన. "వనామీ మనది కాదురా. అమెరికా ఖండానికి అవతలి వైపు సముద్రం దాని పుట్టిల్లు. 2009లో ప్రభుత్వం ఒప్పుకున్నాక ఇక్కడ వేశాం. పిల్ల ఆక్సిజన్ కవర్లలో వస్తుంది. వచ్చీ రాగానే చెరువులో గుమ్మరిస్తే చస్తుంది. ముందు కవరు మూతి విప్పకుండా నీళ్ళ మీద తేలనివ్వాలి. లోపలి నీళ్ళూ బయటి నీళ్ళూ ఒకే వేడికి వచ్చాక మూతి విప్పి, చెరువు నీళ్ళు దోసెడు దోసెడు కలుపుతూ ఉండాలి. ఉప్పు తేడా అలవాటు కావాలి కదా. అప్పుడు కవరు వంచితే దానంతట అదే ఈదుకుంటూ పోతుంది."

"ఎంతసేపు కలపాలి?"

"పిల్లను చూస్తే తెలుస్తుంది. గడియారం చూస్తే తెలీదు."

వాడు ఊట అన్నప్పుడల్లా భోజనం అను అని దిద్దేదాన్ని. ఆ రోజు నుంచి మానేశాను. ఆఫీసు నుంచి రాగానే లాప్‌టాప్ పక్కన పెట్టి, ఒక అరగంట వాడి పక్కన కూర్చుని ఇవాళ ఎన్ని ఈనాయని అడుగుతున్నాను. వాడు తెలుగులోనే చెప్తున్నాడు. మధ్యలో కన్నడ ముక్క పడితే పడనిస్తున్నాను.

నాన్న ఊరెళ్ళిన మర్నాడు, దొడ్డి అని ఎలా రాయాలని మావాడు అడిగాడు. నేను చెప్పేలోపే కన్నడలో రాసేశాడు. పశువుల దొడ్డికి కన్నడలోనూ అదే మాట అట. వాడి అక్షరాల కిందే నేను తెలుగులో రాశాను. ద, డ, కింద వత్తు దాదాపు అవే. వాడు రెండింటి మీదా వేలు పెట్టి చూస్తూ "తల మీద గీతలే వేరు అమ్మా" అన్నాడు. పెన్సిల్ తీసుకుని ఇంకో నాలుగుసార్లు రాసి, ఆ కాగితాన్ని ఫోటో తీసి తాతయ్యకు పంపించాడు.