ఉపవాసం రోజున మీరేం తింటారు?

నేను అన్నీ తింటాను. నా స్నేహితురాలు కోడిగుడ్డు కూడా ముట్టదు. అయినా, కొత్త దేశపు వంట ఎక్కడ దొరుకుతుందని తెలిసినా అక్కడికి నన్ను లాక్కెళ్ళేది తనే. ఎక్కడి నుంచో వచ్చి స్థిరపడినవాళ్ళు నాలుగు బల్లలు వేసుకుని, తమ ఇంటి వంట తామే వండి పెట్టే చిన్న రెస్టారెంట్లంటే తనకు ప్రాణం. పెద్ద హోటళ్ళు ‘అంతర్జాతీయ వంటకాలు’ అని బోర్డు పెడితే ఆ వైపు చూడను కూడా చూడదు.

శాకాహారికి ఇదేం పిచ్చి అని మొదట్లో అనుకునేదాన్ని. ఇలాంటి చోట శాకాహారం అంటే మెనూ చివర రెండు మూడు పేర్లుంటాయి. చాలాసార్లు అవి కూడా బయటివాళ్ళ కోసం కల్పించినవే. మాంసం తీసేసి ఆ చోట నాలుగు కూరగాయ ముక్కలు పడేస్తారు. వండేవాళ్ళ ఇంట్లో ఎవరూ అలా తినరు. వండినవాళ్ళకు అందులో మనసుండదు, తిన్నవాళ్ళకు రుచి తెలియదు.

పైగా ‘శాకాహారం ఉందా?’ అని అడిగితే ఒక్కో దేశం ఒక్కోలా అర్థం చేసుకుంటుంది. థాయ్, వియత్నాం వంటిళ్ళలో చేపల సాస్ ఉప్పుతో సమానం. కూరలో ఉప్పు వేశామని ఎవరైనా ప్రత్యేకంగా చెబుతారా? జపాన్‌వారి మీసో సూప్‌లో పైకి కనిపించేవి టోఫూ ముక్కలూ సముద్రపు నాచూ మాత్రమే. దానికి ఆధారమైన దాషీ అనే రసాన్ని మాత్రం సాధారణంగా పొగబెట్టి ఎండించిన బోనిటో చేప తురుముతో కాస్తారు. కొరియా కిమ్చీ చూడటానికి వట్టి క్యాబేజీయే కానీ, ఉప్పులో ఊరిన రొయ్యలో చేపల సాసో అందులో ఎక్కువగా పడుతూనే ఉంటాయి. ఒకచోట వడ్డించే అబ్బాయి మా ముందు గిన్నె పెట్టి, “మీరడిగినట్టే మాంసం లేదు, చేప మాత్రమే వేశాం” అన్నాడు ఎంతో గర్వంగా. ఆ గిన్నె నాకు దక్కింది. తను ఆ పూట అన్నంలో సోయా సాస్ కలుపుకొని తింది.

ఆ తర్వాతే తను అడిగే పద్ధతి మార్చింది. మెనూ మూసి పక్కన పెట్టేసి, “ఉపవాసం రోజున మీ ఇంట్లో ఏం తింటారు?” అని అడగడం మొదలుపెట్టింది.

మొదట ఇథియోపియా వాళ్ళ దగ్గర ఈ ప్రశ్న పనిచేసింది. అప్పటిదాకా మర్యాదకు నవ్వుతున్న యజమానురాలు పక్క బల్ల దగ్గర కుర్చీ లాక్కుని మా ఎదురుగా కూర్చుంది. అక్కడి ఆర్థడాక్స్ క్రైస్తవులకు బుధ, శుక్రవారాలు ఉపవాస దినాలు. ఈస్టర్‌కు ముందు 55 రోజుల పెద్ద ఉపవాసం. ఇంకా వేరే ఉపవాసాలు కూడా కలిపితే ఏడాదిలో దాదాపు సగం రోజులు అలాగే గడుస్తాయి. ఆ రోజుల్లో మాంసమే కాదు, పాలు, వెన్న, గుడ్లు కూడా ముట్టరు. మామూలు రోజుల్లో వంటకు వాడే మసాలా వెన్న నిత్తెర్ కిబ్బె పక్కకు పోయి నూనె వస్తుంది. ఏడాదిలో సగం రోజులు పప్పులూ ఆకుకూరలతోనే ఇంటిల్లిపాదినీ మెప్పించాలంటే ఆ వంట ఎంత పదును తేలాలి! మెనూ చివర మొక్కుబడిగా పెట్టే కూరగాయ ముక్కలకూ దీనికీ పోలికే లేదు.

అలా వచ్చింది పెద్ద పళ్ళెం. దాని నిండా పరిచిన ఇంజెరా. టెఫ్ అనే గింజ ఒక్కోటి గసగసాలంతే ఉంటుంది. దాని పిండిని కొన్ని రోజులు పులియబెట్టి, వెడల్పాటి పెనం మీద ఒక వైపు మాత్రమే కాలుస్తారు. తిరగేయరు కాబట్టి పై వైపంతా చిన్న చిన్న కన్నాలు పడతాయి. కూరల రసం పట్టుకునేవి ఆ కన్నాలే. దాని మీద బెర్బెరె కారంతో ఎర్రగా ఉడికిన మిసిర్ పప్పు, పసుపు వేసి కమ్మగా వండిన బఠాణీ పప్పు, గోమెన్ అనే ఆకుకూర, బీట్‌రూట్, క్యాబేజీ కుప్పలు కుప్పలుగా. మధ్యలో మట్టి పిడతలో ఇంకా కుతకుతలాడుతున్న షిరో. శనగపిండిని మసాలాలతో ఉడికించిన పులుసు అది.

నేను విడిగా దోరో వాట్ చెప్పాను. కోడికూర అది, అందులో ఉడికించిన గుడ్డు కూడా ఉంటుంది. అదీ అదే పళ్ళెంలో వేయడం వాళ్ళ పద్ధతి. మా మధ్య మాత్రం సరిహద్దులున్నాయి, అందుకని నా కూర వేరే గిన్నెలో వచ్చింది. ఆ గిన్నె చివరిదాకా సగం అలాగే మిగిలిపోయింది. షిరో ముందు ఆ రోజు కోడి నిలవలేదు. ఇది మాంసాహారిగా నేనిస్తున్న సాక్ష్యం. తను ఇప్పటికీ నలుగురిలో దీన్ని ఎత్తి చూపుతూనే ఉంటుంది.

ఇంజెరాతో తినేటప్పుడు అసలు పోటీ చివర్లో మొదలవుతుంది. కూరలన్నీ అయిపోయాక వాటి అడుగున నాని, రసాలన్నీ పీల్చుకున్న ముక్క మిగులుతుంది. పక్కనున్న ఇంజెరా ఎంత తిన్నా అది ముందుమాటే. ఎర్ర పప్పు కింద ఉన్న భాగం ఎవరికన్నది మా ఇద్దరికీ పెద్ద తగాదా. ఇద్దరమూ మాటలు ఆపేసి చేతులు తొందరగా కదిలించడం గమనించిన యజమానురాలు నవ్వుతూ వచ్చి, ఆ ముక్కనే తుంచి, పప్పూ ఆకుకూరా పొదిగి చుట్టి, నేరుగా నా స్నేహితురాలి నోటి ముందు పెట్టింది. దీన్ని గుర్షా అంటారు. ఇష్టంతో, గౌరవంతో పెట్టే ముద్ద. వద్దంటే నొచ్చుకుంటారు. ముద్ద ఎంత పెద్దదైతే అంత ప్రేమ అని లెక్క. నా స్నేహితురాలేమో తన గ్లాసులో నన్ను మంచినీళ్ళు కూడా తాగనివ్వని మనిషి. ఒక్క క్షణం నా వైపు చూసింది. నోరు తెరిచింది. ఆ ముద్ద నమలడానికి ఎంత సేపు పట్టిందంటే, ఈలోగా నేను పళ్ళెం మొత్తం తుడిచేశాను. గుర్షా ఒక్కటితో ఆపకూడదని ఆమె రెండోది కూడా చుట్టింది. తను దానికి సిద్ధంగానే ఉంది.

ఆ తర్వాత ఈ ప్రశ్న మాకు చాలా తలుపులు తీసింది. జార్జియా వాళ్ళకూ ఆర్థడాక్స్ ఉపవాసాలున్నాయి. అడగ్గానే మట్టికుండలో కొత్తిమీర వేసి ఉడికించిన రాజ్మా, లోబియో అంటారు, దానికి తోడుగా మొక్కజొన్న రొట్టె వచ్చాయి. పాలకూరను వాల్‌నట్ ముద్దతో కలిపి ఉండలు చేసిన ప్ఖాలీ, అదే ముద్ద రాసి చుట్టిన వంకాయ చీలికలు కూడా తెచ్చారు. నా వాటా ఖింకాలీలు. మాంసం కూరిన ఆ మడతల మూటలను పైనున్న ముడి పట్టుకుని ఎత్తి, చిన్నగా కొరికి ముందు లోపలి రసం పీల్చాలి. ముడిని తినకుండా ప్లేటులో వదిలేస్తారు. ఎన్ని తిన్నారో ముడులు లెక్కపెడితే తెలిసిపోతుంది. నా స్నేహితురాలు లెక్కపెట్టింది. ఆ అంకె ఇక్కడ రాయను.

వియత్నాం వాళ్ళలో బౌద్ధులు చాలామంది చాంద్రమాసంలో 1వ, 15వ రోజుల్లో మాంసం మానేస్తారు. తన ఫోనులో ఇప్పుడా రోజులన్నీ గుర్తు పెట్టి ఉంటాయి. మిగతా రోజుల్లో ఎముకలు కాచిన రసంతో చేసే ఫో అనే నూడుల్స్ సూప్, ఆ రోజుల్లో ముల్లంగీ పుట్టగొడుగులతో కాచిన రసంతో వస్తుంది. కాల్చిన అల్లం, అనాసపువ్వు వాసన మాత్రం మారదు. లెబనాన్ వాళ్ళ దగ్గర ఏ ప్రశ్నా అవసరం లేదు, అక్కడ తను రాణి. పప్పూ బియ్యం కలిపి, వేయించిన ఉల్లిపాయలతో చేసిన ముజద్దరా తింటూ నన్ను జాలిగా చూస్తుంది.

ఒకసారి మాత్రం ప్రశ్న దారి తప్పి మంచిచోటికి చేరింది. జపాన్ వంట అని బోర్డున్న చోట అడిగితే, వంట చేసే పెద్దాయన కాసేపు ఆలోచించి, తను కొరియా మనిషినని చెప్పారు. ఇందులో వింతేమీ లేదు. ఎన్నో దేశాల్లో జపాన్ రెస్టారెంట్లు నడిపేవాళ్ళు చైనీయులో కొరియన్లో అయి ఉంటారు. బ్రిటన్‌లో ‘ఇండియన్’ రెస్టారెంట్లలో ఎక్కువ భాగం నడిపింది కూడా సిల్హెట్ నుంచి వెళ్ళిన బంగ్లాదేశీయులే. ఆ పెద్దాయన కొరియా బౌద్ధ మఠాల వంట గురించి చెప్పారు. అందులో మాంసమే కాదు, వెల్లుల్లి, ఉల్లి కూడా వేయరట. చెప్పి ఊరుకోకుండా లోపలికి వెళ్ళి, నువ్వుల నూనెలో మగ్గిన ఆకుకూరా, సోయాలో ఉడికిన తామర దుంపా, తమ భోజనానికి చేసుకున్నవే పట్టుకొచ్చారు. నేను చెప్పిన సుషీ బాగానే ఉంది. ఆ తామర దుంప ఇంకా బాగుంది.

ఇక మెక్సికో వాళ్ళ చిన్న రెస్టారెంటు. అది ఈస్టర్‌కు ముందు వచ్చే ఉపవాస కాలం, పైగా శుక్రవారం. ఇంతకన్నా మంచి ముహూర్తం ఉండదని నా స్నేహితురాలు ధీమాగా అడిగింది. యజమాని ముఖం వెలిగిపోయింది. లోపలికి పరుగెత్తి, పెద్ద గిన్నె నిండా తోర్తీతాస్ దె కమరోన్ తెచ్చాడు. ఎండురొయ్యల పొడితో, గుడ్లతో వేయించిన వడలు, నోపాల్ కాక్టస్ ముక్కలతో కలిపి ఎర్రటి మిరప పులుసులో. కాథలిక్కులకు ఆ శుక్రవారాల్లో మాంసం నిషేధమే కానీ, చేపకూ రొయ్యకూ అడ్డు లేదు. గిన్నె నా ముందుకు జరిగింది. నిజం చెప్పాలంటే నేనేమీ బాధపడలేదు.

తను ఓడిపోలేదు. వేళ్ళు మడుస్తూ మళ్ళీ అడిగింది. “ఉపవాసం రోజున, చేపా రొయ్యా గుడ్డూ కూడా లేకుండా మీ అమ్మగారు ఏం వండేవారు?”

అతను చాలాసేపు గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించి, “అంత ఉపవాసం మా ఇంట్లో ఎవరూ చేయలేదండీ” అన్నాడు.