లైట్లు వేస్తే లేచే టెంపరేచర్ ముల్లు

మా బండిలో హెడ్‌లైట్లు వేస్తే టెంపరేచర్ ముల్లు పైకి లేచేది, ఆర్పితే దిగేది. రేడియేటర్‌లో నీళ్లు నిండుగానే ఉన్నాయి, ఫ్యాను తిరుగుతోంది, ఇంజన్ వేడి మామూలే. ఇండికేటర్ వేస్తే దాంతోపాటు డ్యాష్‌బోర్డు లైట్లు కూడా మినుకుమినుకుమనేవి. వీటితోనైనా ఎలాగో నెట్టుకురావచ్చు గానీ, మూడు నాలుగు రోజులు బండి తీయకపోతే సెల్ఫ్ తీసుకునేది కాదు. టక్‌మని ఒక్క చప్పుడు, అంతే. అప్పుడు తోసేవాళ్లను వెతుక్కోవాలి.

బండి 2009 మోడల్, ఏడు సీట్ల డీజిల్ ఎస్‌యూవీ. సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. కంపెనీ పేరు అనవసరం, ఈ వయసుకొచ్చిన ఏ బండికైనా ఇవే జబ్బులు. 15 ఏళ్లు నిండాక ఆర్సీ ఇంకో ఐదేళ్లకు రెన్యువల్ చేయించాం. అల్లూరు నుంచి సముద్రం వైపు వెళ్తే మా రొయ్యల గుంటలున్నాయి. మేత బస్తాలు, ఏరేటర్ మోటార్లు, వాన పడితే కట్ట మీద బురద. కొత్త బండిని అక్కడికి తీసుకెళ్లడానికి ఎవరికి మనసొప్పుతుంది?

నెల్లూరులో ఒక షాపులో చూపిస్తే డైనమో పోయిందన్నారు. ఇంకోచోట వైరింగ్ మొత్తం మార్చాల్సిందే అన్నారు. ఇద్దరిలో ఒక్కరూ మీటరు పెట్టి కొలవలేదు. గుంటల దగ్గర ప్యానెల్ బోర్డులు నేనే చూసుకుంటాను కాబట్టి ఇంట్లో వోల్టులు, ఆంపియర్లు కొలిచే మల్టీమీటర్ ఉంది. డబ్బులు పెట్టేముందు నేనే ఒకసారి కొలిచి చూద్దామనుకున్నాను.

ముందు బ్యాటరీ. ఫుల్ చార్జింగ్ పెట్టి, రాత్రంతా వదిలేసి, పొద్దున్నే కొలిస్తే 12.5 వోల్టులు. 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2కి దిగితే సగం ఖాళీ అయినట్టు. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 10.4 చూపించింది. అప్పుడు తొమ్మిదిన్నర కంటే కిందికి పడిపోతే బ్యాటరీని అనుమానించాలి, మాది పడలేదు. ఇంజన్ ఆన్‌లో ఉండగా బ్యాటరీ టెర్మినళ్ల మీద 14.2. అంటే డైనమో చార్జింగ్ ఇస్తోంది. లైట్లు, ఏసీ బ్లోయరు వేసినా 13.9 దగ్గర నిలబడింది. డైనమో ఖర్చు అక్కడికక్కడే తప్పింది.

మరి ఆగి ఉన్న బండిలో బ్యాటరీని తాగుతున్నదేంటి? దీన్ని పట్టుకోవడానికి ఓపిక కావాలి. తాళం తీసేసి, బ్యాటరీ మైనస్ కేబుల్ ఊడదీసి, ఆ కేబుల్‌కీ బ్యాటరీ మైనస్‌కీ మధ్యలో మీటరు పెట్టాలి. ఎర్ర వైరు 10 ఆంపియర్ల సాకెట్‌లోకి మార్చుకోవాలి. మీటరు అలా ఉండగా పొరపాటున కూడా సెల్ఫ్ కొట్టకూడదు, మీటర్ లోపలి ఫ్యూజు ఎగిరిపోతుంది. తలుపు తెరిచి ఉంటే లోపలి లైటు వెలుగుతుంది, అది కూడా లెక్కలోకి వస్తుంది. అందుకే తలుపు లాక్‌ను స్క్రూడ్రైవర్‌తో నొక్కి, మూసినట్టు నమ్మించాను. తర్వాత అరగంట కూర్చోవాలి, లోపలి కంట్రోల్ యూనిట్లు నిద్రపోయేదాకా అంకె నిజం చెప్పదు.

అరగంట తర్వాత 0.42 ఆంపియర్లు. 0.05 లోపు ఉంటే మామూలే. 0.42 అంటే రోజుకి పది ఆంపియర్ అవర్లు గాల్లో కలిసిపోతున్నట్టు. మా బ్యాటరీయే 75. నాలుగు రోజులకు సగానికి పైగా ఖాళీ.

ఇక ఫ్యూజులు ఒక్కొక్కటే పీకి, మీటరు చూసి, మళ్లీ పెట్టడం. లోపలి లైటుకి వెళ్లే 15 ఆంపియర్ల నీలం ఫ్యూజు పీకగానే అంకె 0.03కి పడింది. ఆ ఫ్యూజు మీద ఏమేం ఉన్నాయో వైరు పట్టుకుని వెతికితే సీటు కింద ఆంప్లిఫయర్ దొరికింది. పాత ఓనరు పాటల కోసం బిగించుకున్నది. తాళం తిప్పితేనే ఆన్ అయ్యేలా సిగ్నల్ ఇవ్వాల్సిన సన్న వైరును ఎవరో నేరుగా ప్లస్‌కి చుట్టి టేపు వేశారు. పాటలు ఆపినా అది రాత్రీ పగలూ మేలుకునే ఉంది. పీకి పక్కన పెట్టాను. రొయ్యలకు పాటలతో పనేముంది?

బ్యాటరీ సంగతి తేలింది గానీ ముల్లు అలాగే ఆడుతోంది. అప్పుడు కావలిలో పరిచయమున్న ఆటో ఎలక్ట్రీషియన్ భాయ్‌కి ఫోన్ చేశాను. మొత్తం విని, "ఫ్యూజులు వదిలెయ్ అన్నా, ఎర్త్ చూడు. సముద్రం గాలికి ముందు పొయ్యేది అదే" అన్నాడు. ఎర్త్ అంటే బ్యాటరీ మైనస్‌ని బండి బాడీకి, ఇంజన్‌కి కలిపే కనెక్షన్. ఎలా చూడాలో కూడా చెప్పాడు.

అది చాలా తేలిక. ఇంజన్ ఆన్ చేసి, హెడ్‌లైట్లు, బ్లోయరు, వైపరు అన్నీ వేసి, మీటరు ఒక కొన బ్యాటరీ మైనస్ స్తంభం మీద, రెండో కొన బాడీ మీద పెయింటు లేని బోల్టు మీద పెట్టాలి. రెండూ ఒకే మైనస్ కాబట్టి దాదాపు సున్నా రావాలి. నాకు 1.3 వోల్టులు వచ్చింది! బాడీకి వెళ్లిన కరెంటు తిరిగి బ్యాటరీకి చేరే దారిలో ఏదో అడ్డం పడిందన్నమాట. హెడ్‌లైట్ల కరెంటు ఆ అడ్డం దగ్గర కిక్కిరిసేసరికి బాడీ మైనస్ మైనస్‌గా ఉండటం లేదు. టెంపరేచర్ సెన్సర్ ఇంజన్ మీద ఉంది, మీటరు బోర్డు ఎర్త్ బాడీ మీద ఉంది. రెండింటి మధ్య తేడా వస్తే ముల్లు అబద్ధం చెప్పకేం చేస్తుంది.

బ్యాటరీ ట్రే ఎత్తి చూశాను. మైనస్ నుంచి బాడీకి వచ్చే కేబుల్ బోల్టు చుట్టూ తుప్పు పొరలు పొరలుగా లేచి ఉంది. లగ్గు మీద, అంటే కేబుల్ చివర బోల్టుకి బిగించే కొన మీద, పచ్చటి చిలుము. పైనుంచి చూస్తే కేబుల్ బాగానే ఉంది, బిగుతుగానే ఉంది. లగ్గు దగ్గర తొడుగు కోస్తే రాగి తీగలు నల్లగా, వేలితో నలిపితే పొడిగా రాలాయి. జానెడు కోసినా లోపల అదే రంగు. ఇంజన్ నుంచి బాడీకి ఉండే అల్లిన రాగి పట్టీ కూడా సగం తీగలు తెగి వేలాడుతోంది.

రెండూ కొత్తవి చేయించాను. భాయ్ దగ్గరే 25 స్క్వేర్ ఎంఎం కేబుల్, లగ్గులు ప్రెస్ చేయించి తెచ్చుకున్నాను. బోల్టు కూర్చునే చోట ఎమరీ పేపరుతో ఇనుము మెరిసేదాకా రుద్ది, పళ్ల వాషరు వేసి బిగించి, పైన వాజ్‌లైన్ పూశాను. వాజ్‌లైన్ బిగించాకే పూయాలి. టెర్మినళ్ల మీది తెల్లటి పొడిని వేడినీళ్లలో తినే సోడా కలిపి కడిగాను. మైనస్ ముందు ఊడదీయాలి, చివర బిగించాలి. స్పానరు బాడీకి తగిలినా నిప్పులు లేవవు.

మళ్లీ అన్నీ వేసి మైనస్‌కీ బాడీకీ మధ్య కొలిస్తే 0.04 వోల్టులు. ముల్లు కదల్లేదు. హెడ్‌లైట్ల వెలుగు కూడా పెరిగింది. ఎక్కువ వాట్ల బల్బులు వేయించుకోమని మా బావ పోరు పెట్టేవాడు, ఆ మాట మానేశాడు.

డ్రైవరు పక్క కిటికీ అద్దం కూడా పనిచేసేది కాదు, దానికి మాత్రం కారణం వేరు. తలుపుకీ బాడీకీ మధ్య రబ్బరు గొట్టంలో వైరు తెగింది. పదహారేళ్లుగా తలుపు తీసి వేస్తుంటే ఏ వైరైనా తెగుతుంది. అతుకేసి సోల్డర్ పెట్టిస్తే సరిపోయింది. వెనక వైపరు ఇంకా తిరగడం లేదు, దాని సంగతి అక్టోబరు వానలు మొదలయ్యేలోపు చూడాలి.