గసగసాలు, ఇంటిపేరు, సింగపూర్ ప్రయాణం

మా చెల్లె సింగపూర్‌లో స్థిరపడి ఆరేళ్లయింది. ప్రతి పండగకూ ఫోన్ చేసి "అమ్మను ఒక్కసారి తీసుకురా అక్కా" అని అడిగేది. పోయిన ఏడాది పత్తి ఏరుడు అయిపోయాక అమ్మ తనంతట తనే "పోదాం పా" అంది. ఆ మాట అన్న రోజు నుంచి విమానం ఎక్కేదాకా నాలుగు నెలలు పట్టింది. అందులో ఎక్కువ భాగం ఒక్క ఇంటిపేరుకే పోయింది. దేవరకద్ర లాంటి ఊరి నుంచి పెద్దవాళ్లను మొదటిసారి బయటి దేశం తీసుకెళ్లేవాళ్లకు పనికొస్తుందని ఇదంతా రాస్తున్నాను.

మేం పోతున్నామని తెలియగానే సలహాలు మొదలయ్యాయి. హైదరాబాద్‌లో ఉండే చుట్టాలు ఏమేం చూడాలో పెద్ద జాబితాలు పంపారు. అవి ఎక్కడైనా దొరుకుతాయి. మోకాళ్ల నొప్పులున్న, బడి మొఖం చూడని 63 ఏళ్ల మనిషిని వెంటబెట్టుకుని పోతే ఎక్కడ చిక్కు వస్తుందో చెప్పినవాళ్లు ఇద్దరే. ఒకరు దుబాయిలో పద్నాలుగేళ్లు డ్రైవర్‌గా చేసి వచ్చిన మా వాడకట్టు అన్న. ఇంకొకరు అమెరికాలో కొడుకు దగ్గరికి రెండుసార్లు పోయొచ్చిన రిటైర్డ్ సార్.

అన్న మొదట చెప్పింది మమ్మల్ని భయపెట్టింది. "టెన్త్ సర్టిఫికెట్ లేకుంటే పాస్‌పోర్టు మీద ఈసీఆర్ పడుతది, ఎయిర్‌పోర్టుల ఆపుతరు" అన్నాడు. ఈసీఆర్ అంటే, పనికి పోయేవాళ్లు ముందుగా ప్రభుత్వ అనుమతి తీసుకోవాలని పాస్‌పోర్టు మీద వేసే ముద్ర. ఆయన అనుభవంలో అది నిజమే. గల్ఫ్‌కు పనికి పోయే మన పాలమూరు వాళ్లలో ఆ ముద్ర గురించి తెలియని ఇల్లు ఉండదు. కానీ ఆ ఆంక్ష కొన్ని దేశాలకు ఉద్యోగానికి వెళ్లేవాళ్లకు. చూసి రావడానికి పోయేవాళ్లకు కాదు. పైగా 50 ఏళ్లు దాటినవాళ్లకు చదువు లేకపోయినా ఈసీఆర్ వర్తించదు. ఈ రెండు ముక్కలు తెలిసేదాకా వారం రోజులు టెన్షన్ పడ్డాం.

అసలు చిక్కు ఆధార్‌లో ఉంది. అమ్మ కార్డులో ఇంటిపేరు ఒక్క అక్షరం, పక్కన చుక్క. ఓటరు కార్డులో పూర్తి ఇంటిపేరు. బ్యాంకు పుస్తకంలో అసలు ఇంటిపేరే లేదు. పాస్‌పోర్టు దరఖాస్తులో ఇలాంటి ఇనీషియల్స్ ఒప్పుకోరు, ఇంటిపేరు పూర్తిగా రాయాల్సిందే. పాస్‌పోర్టులో ఏముంటే వీసాలో, టికెట్‌లో కూడా అక్షరం తేడా లేకుండా అదే ఉండాలి. అందుకే ముందు ఆధార్ సరిచేయించాలని సార్ గట్టిగా చెప్పారు. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చుకోవచ్చు కాబట్టి తొందరపడకుండా ఇంగ్లీషు స్పెల్లింగ్ కాగితం మీద రాసుకుని, ఓటరు కార్డుతో సరిచూసుకుని పోయాం. పుట్టిన తేదీ జనవరి 1 అని ఉంది. ఊళ్లో ఆమె వయసు వాళ్లలో చాలామందికి అదే పుట్టినరోజు. దాన్ని మేం కదిలించలేదు.

ఆధార్ సెంటర్‌లో అమ్మ వేలిముద్రలు పడలేదు. నలభై ఏళ్లు కలుపు తీసి, పత్తి ఏరిన వేళ్లు. గీతలన్నీ అరిగి నున్నగా అయ్యాయి. తడిబట్టతో తుడిచి, కొంగుతో అద్ది, మళ్లీ మళ్లీ ఆ గాజు మీద పెట్టింది. ప్రతిసారీ ఎర్ర లైటే. "నా చేతులు గింత పాడైనయా బిడ్డా" అని అరచేతులు తిప్పి తిప్పి చూసుకుంది. నాకు గొంతు పట్టేసింది. అక్కడి అబ్బాయి మంచివాడు, "ఏం కాదమ్మా, కళ్లు చూపియ్యండి" అని కనుపాపల స్కాన్‌తో పని పూర్తిచేశాడు. మీ ఇంట్లో కూడా వ్యవసాయం చేసిన పెద్దవాళ్లుంటే ఈ దారి ఉందని గుర్తుపెట్టుకుని, అవసరమైతే మీరే అడగండి.

ఆధార్ మారి వచ్చాక మిగతాది త్వరగా జరిగిపోయింది. పాస్‌పోర్టు కోసం హైదరాబాద్ పోలేదు. మహబూబ్‌నగర్ పోస్టాఫీసులోని సేవా కేంద్రంలోనే స్లాట్ తీసుకున్నాం. మామూలు ఫీజు 1,500 రూపాయలు, 60 ఏళ్లు దాటినవాళ్లకు పది శాతం తగ్గింపు, అంటే 1,350. పోలీసు విచారణకు వచ్చినతను ట్యాబ్‌లో ఫొటో తీసుకుని, పక్కింటివాళ్లను రెండు మాటలు అడిగి వెళ్లాడు. పాస్‌పోర్టు పోస్టులో ఇంటికే వచ్చింది.

సింగపూర్ వీసాను మన దేశంలో అక్కడి ప్రభుత్వం గుర్తించిన ఏజెంట్ల ద్వారా పెట్టుకోవాలి. ప్రభుత్వ ఫీజు 30 సింగపూర్ డాలర్లు, ఏజెంటు ఛార్జీ వేరు. మా దరఖాస్తు ఒకసారి తిరిగొచ్చింది, కారణం ఫొటో. స్టూడియో అతను అభిమానం కొద్దీ అమ్మ మొహం మీది ముడతలు తీసేసి, రంగు పెంచి, నలభై ఏళ్ల మనిషిని చేశాడు. వీసా ఫొటో తెల్లటి బ్యాక్‌గ్రౌండ్‌తో, ఉన్నది ఉన్నట్టు ఉండాలి. "ఏమీ దిద్దొద్దు" అని ముందే చెప్పి, దగ్గరుండి తీయించుకోండి.

ఇంకొకటి. సింగపూర్‌లో దిగే ముందు ఎస్‌జీ అరైవల్ కార్డ్ అని ఆన్‌లైన్‌లో ఒక ఫారం నింపాలి. దిగే రోజుతో కలిపి మూడు రోజుల లోపలే నింపాలి, ముందే కుదరదు. అది పూర్తిగా ఉచితం. మాకు టికెట్లు తీసిచ్చినతను దానికి మనిషికి వెయ్యి రూపాయలు అడిగాడు. చెల్లె చెప్పకపోతే ఇచ్చేసేవాళ్లం.

ఇక సామాన్లు. ప్రయాణానికి ముందు రాత్రి అమ్మ చాప పరిచి, కూతురి కోసం చేసినవన్నీ వరుసగా పెట్టింది. సకినాలు, జొన్నపిండి, పుంటికూర పచ్చడి, స్టీలు డబ్బాలో మటన్ పచ్చడి, ఎండు కొబ్బరి చిప్పలు, తెల్లబట్టలో మూట కట్టిన గసగసాలు. అప్పుడే అన్న వచ్చాడు వీడ్కోలు చెప్పడానికి. ఆ మూట చూసి చెప్పులు కూడా విడవకుండా లోపలికొచ్చాడు. "పెద్దమ్మా, గసగసాలు అస్సలు వద్దు. దుబాయిల ఇవి దొరికితే జైలే" అన్నాడు.

"పాయసంల ఏసుకునేటివే గదరా, గిండ్ల ఏముంది" అని అమ్మ నమ్మలేదు. నేను వెంటనే చూశాను. సింగపూర్‌లో కూడా గసగసాలు నిషేధమే. నల్లమందు తీసే మొక్క గింజలు కాబట్టి వాటిని మత్తుమందుల కిందనే చూస్తారు. పొడి మసాలాలో కలిపినా అదే సమస్య. ఇక్కడ కిరాణా కొట్టులో పొట్లం కట్టి ఇచ్చే వస్తువు అక్కడ కేసు అవుతుందని మాకెవరికీ తోచలేదు. ఈసీఆర్ మాటతో మమ్మల్ని వారం రోజులు తిప్పిన ఆ అన్నే, ఈ ఒక్క మాటతో మమ్మల్ని కాపాడాడు.

ఆ రాత్రి మళ్లీ అన్నీ తీశాం. మన దేశం నుంచి మాంసం పదార్థాలు సింగపూర్‌లోకి తీసుకురానివ్వరు, అందుకే మటన్ పచ్చడి ఆగిపోయింది. ఎండు కొబ్బరికి త్వరగా నిప్పంటుకుంటుందని విమానాల్లో ఆంక్షలున్నాయి, అదీ ఆగిపోయింది. మసాలాపొడిలో గసగసాలు వేశానని అమ్మ గుర్తుచేసుకుని ఆ సీసా కూడా పక్కనపెట్టింది. నమిలే పొగాకు, చూయింగ్ గమ్ కూడా అక్కడ నిషేధమే. సకినాలు, జొన్నపిండి, పుంటికూర పచ్చడి వెళ్లాయి. నూనె పచ్చడిని చేతిసంచిలో పెట్టకుండా పెద్ద బ్యాగులో పెట్టాలి. బీపీ మాత్రలను స్ట్రిప్పుల నుంచి తీయకుండా, డాక్టర్ చీటీతో సహా చేతిసంచిలో పెట్టాం.

మన వైపు నుంచి పోయేవాళ్లకు ఒక సుఖం ఉంది. జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా 44వ జాతీయ రహదారిలో పోతే హైదరాబాద్ ట్రాఫిక్‌లోకి దిగకుండానే శంషాబాద్ వస్తుంది. చక్రాల కుర్చీ కావాలని టికెట్ తీసుకున్నప్పుడే చెప్పాం. దానికి మా దగ్గర డబ్బులు తీసుకోలేదు. "నేను నడవలేనా" అని అమ్మ మొదట చిన్నబోయింది కానీ, ఆ పొడుగు వరుసలు చూశాక ఏమీ అనలేదు. కుర్చీతో వచ్చిన అమ్మాయే ఇమిగ్రేషన్ దాకా వెంట ఉండి ప్రశ్నలను తెలుగులో అడిగింది. ప్రయాణం నాలుగు గంటల పైచిలుకు. వాళ్ల గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది.

సింగపూర్‌లో మేం రోజుకు ఒక్క చోటే పెట్టుకున్నాం. ఇది సార్ ఇచ్చిన సలహా. పొద్దున ఒకటి చూసి, మధ్యాహ్నం ఇంట్లో నడుం వాల్చి, సాయంత్రం ఓపికుంటే మళ్లీ బయటికి. ఖర్చు లేకుండా చూసేవి చాలా ఉన్నాయి. గార్డెన్స్ బై ది బే దగ్గర పెద్ద లోహపు చెట్ల మీద రాత్రి 7:45కు, 8:45కు జరిగే దీపాల ఆటకు టికెట్ లేదు. చాంగీ ఎయిర్‌పోర్టులోనే జ్యువెల్ అనే చోట 40 మీటర్ల ఎత్తు నుంచి భవనం లోపలే నీళ్లు దూకుతాయి. మెట్రో రైలులో మాత్రం మంచినీళ్లు కూడా తాగకూడదు, జరిమానా వేస్తారు. రకరకాల తిండి దుకాణాలు ఒకేచోట ఉండే హాకర్ సెంటర్లలో ఖాళీ బల్ల మీద టిష్యూ ప్యాకెట్ కనిపిస్తే అది మన కర్చీఫ్ లాంటిదే, ఎవరో సీటు ఆపుకున్నారని అర్థం. తిన్నాక పళ్లెం మనమే తీసుకెళ్లి పెట్టాలి.

అమ్మకు శనివారం ఒక్కపొద్దు. మన్యంకొండ వెంకన్నకు మొక్కే మనిషి. ఆ రోజు లిటిల్ ఇండియా వైపు సెరంగూన్ రోడ్డులోని శ్రీనివాస పెరుమాళ్ గుడికి తీసుకెళ్లాం. పెరుమాళ్ అంటే మన వెంకన్నే అని చెప్పగానే ఆమె మొహం విప్పారింది. గుడి మెట్ల దగ్గర కూర్చుని ఇంకో గంటదాకా లేవలేదు.

అన్నిటికంటే ఆమెకు నచ్చింది బొటానిక్ గార్డెన్స్. 2015లో యునెస్కో గుర్తింపు వచ్చిన తోట అది, లోపలికి పోవడానికి టికెట్ లేదు. అక్కడొక పాత టెంబుసు చెట్టుంది. వాళ్ల ఐదు డాలర్ల నోటు మీద ఉన్న చెట్టు అదే. కింది కొమ్మ ఒకటి నేలకు సమాంతరంగా చాలా దూరం పోయి ఉంటుంది. దానికి కింద ఆసరా పెట్టి, చుట్టూ కంచె కట్టారు. అమ్మ ఆ కంచె పట్టుకుని చాలాసేపు నిలబడింది. "మన పిల్లలమర్రికి పెట్టినట్టే పెట్టిర్రు. ఇది కూడా ముసలిదైంది" అంది. చెల్లె నోటు తీసి చూపిస్తే, నోటునూ చెట్టునూ మార్చి మార్చి చూసి, ఆ నోటు కొంగున ముడేసుకుంది.

ఊరికి వచ్చి రెండు నెలలైంది. నిన్న సాయంత్రం వెనకింటి వదిన వచ్చింది. కొడుకు దగ్గరికి ఒమన్ పోవాలట, ఏమేం చూడాలని అడుగుతోంది. నేను నోరు తెరిచేలోపే వాకిట్లో జొన్నలు చెరుగుతున్న అమ్మ చాట పక్కనపెట్టి అంది, "అవన్నీ తర్వాత. ముందు ఇంటికిపోయి నీ ఆధార్ కార్డు పట్టుకరాపో, ఇంటిపేరు ఎట్లున్నదో చూద్దాం."