గచ్చు మీద ట్రాము పట్టాలు

పర్లాకిమిడి, మంగళవారం రాత్రి

ఈ రోజు పనంతా కోటకు దగ్గరలోని ఒక ఇరుకు సందులో గడిచింది. అక్కడ సీసీ రోడ్డును కోసి, ఇళ్లకు వెళ్లే పాత నీటి పైపులు తీసి కొత్తవి వేస్తున్నారు. లెవెల్ మిషన్ పెట్టి వాలు చూడడం, గొయ్యి మూసి పోసిన కాంక్రీటు పాత రోడ్డుతో సమంగా వచ్చిందో లేదో చూడడం నా వంతు. పది గంటల వేళ మేస్త్రీ ఒక పాత జీఐ పైపు ముక్కను గట్టు మీదికి విసిరాడు. పైవైపు మామూలు తుప్పే గాని, మట్టి దులిపి అడుగువైపు చూస్తే చిటికెన వేలి కొన దిగేటన్ని గుంతలు వరసగా ఉన్నాయి. కొన్ని చోట్ల పైపు పూర్తిగా చిల్లు పడింది. “నేలలో ఉప్పుంది బాబూ, పైపుదేం తప్పు లేదు” అని మేస్త్రీ తేల్చేశాడు. మా ఊరికి ఆ మాట సరిపోతుంది. ట్రాములు నడిచిన నగరాల్లో మాత్రం నీటి పైపులకు ఇలాంటి గుంతలే మరో కారణంగా కూడా పడేవి. ఆ కారణం పట్టాలు.

ట్రాముకు కరెంటు పై తీగ నుంచి వస్తుందని అందరికీ తెలుసు. అది తిరిగి ఏ దారిన పోతుందో ఆలోచించేవాళ్లు తక్కువ. కలకత్తాలో ఆ తీగలో ఉండేది 550 వోల్టుల డీసీ. అది బండి పైకప్పు నుంచి తీగను తాకే ట్రాలీ కర్ర మీదుగా దిగి, మోటారును తిప్పి, చక్రాల గుండా పట్టాలోకి చేరి, పట్టా వెంబడే సబ్‌స్టేషనుకు పోతుంది. అంటే పట్టా బండిని మోయడంతో పాటు సర్క్యూట్‌లో సగం పని కూడా చేస్తుంది. అతుకులు వదులైన చోట, పట్టా నేరుగా తడి మట్టిలో కూర్చున్న చోట, ఆ కరెంటులో కొంత నేలలోకి దిగి, పక్కనే సులువైన దారిగా దొరికిన నీటి పైపును పట్టుకుంటుంది. సబ్‌స్టేషను దరిదాపులకు వచ్చేసరికి పైపును వదిలి మళ్లీ పట్టాను చేరుకుంటుంది. పైపులోకి ప్రవేశించిన చోట హాని ఉండదు. వదిలిపోయే చోటే ఇనుము కరిగి మట్టిపాలవుతుంది. ఒక్క ఆంపియరు ఏడాది పొడవునా అలా కారితే సుమారు 9 కిలోల ఇనుము పోతుంది. బ్రిటన్‌లో అందుకే ట్రాము పట్టాల మీద ఏ రెండు చోట్ల మధ్యనైనా 7 వోల్టులకు మించి తేడా ఉండకూడదని నిబంధన పెట్టారు. పట్టాల అతుకులకు రాగి బంధాలు బిగించడం, తరువాత అతుకులనే వెల్డింగు చేసేయడం మామూలైంది. రోడ్డు మీద నిలబడి చూసేవాడికి రెండు ఇనుప గీతలే కనిపిస్తాయి. వాటి కింద ఒక విద్యుత్ శాఖ, ఒక మురుగునీటి శాఖ, ఒక రోడ్ల శాఖ కలిసి కాపురం చేస్తున్నాయని అతనికి తోచదు.

భోజనాల వేళకు గొయ్యి మూసి కాంక్రీటు పోశారు. పాత రోడ్డు అంచుకంటే కొత్త అతుకు కాస్త ఎత్తు వచ్చినా ఎవరికీ పట్టింపు లేదు. రేపో మాపో పైన మరో పొర పడుతుందన్న ధీమా. మన వీధులన్నీ ఇలాగే పెరిగి, గడపలు పల్లమైపోయి, వానాకాలంలో నీళ్లు ఇళ్లలోకి వస్తున్నాయి. ట్రాము ఉన్న వీధిలో ఈ ఆట సాగదు. రైలు పట్టా నేల మీద తల ఎత్తుకుని నిలబడుతుంది. ట్రాము పట్టా మాత్రం తల రోడ్డుతో సమంగా ఉండేలా నేలలో ఒదిగి ఉండాలి. ఆ తలలోనే పొడవునా ఒక గాడి ఉంటుంది. చక్రానికి లోపలివైపు ఉండే అంచు ఆ గాడిలో నడుస్తుంది గనుక రోడ్డును చీల్చకుండానే బండి దారి తప్పకుండా పోతుంది. రోడ్డు మీద తారు ఒక అంగుళం పెరిగినా ఆ గాడి పూడిపోతుంది. పూడకుండా ఉంచినా గాడిలో మట్టి, గులకరాళ్లు, చెత్త చేరుతూనే ఉంటాయి. చినుకు పడితే అదే సన్నని కాలువ. అందుకే అక్కడక్కడ గాడి అడుగున రంధ్రం చేసి, కింద ఒక పెట్టె కట్టి, దాన్ని మురుగుకాలువకు కలుపుతారు. ఆ పెట్టెలు శుభ్రం చేసే మనిషి సెలవు పెడితే ట్రాము కంపెనీకి తెలిసిపోతుంది.

పట్టా కింద ఏముండాలన్న దాని మీద నాకు గట్టి అభిప్రాయమే ఉంది. పాత పద్ధతిలో కంకర, దాని మీద స్లీపర్లు, వాటి మీద పట్టా, పట్టాల మధ్య చెక్కిన రాళ్లు పేర్చేవారు. బండి పోతుంటే కాస్త కదులుతుంది, చప్పుడు చేస్తుంది, నిజమే. కాని ఎక్కడైనా కుంగితే నలుగురు కూలీలు రాళ్లు ఊడదీసి, కంకర కొట్టి, సాయంత్రానికి మళ్లీ పేర్చి పోగలరు. కాంక్రీటులో పాతిన పట్టా చాలాకాలం నిలుస్తుంది, వాహనాలకు హాయిగా ఉంటుంది; పట్టా అరిగిన రోజున మాత్రం బ్రేకరు తెచ్చి వీధంతా పగలగొట్టాలి. ఈ రోజు సందులో ఆ బ్రేకరు మోత వినీ వినీ నా పక్షపాతం కొంచెం పెరిగి ఉండవచ్చు.

కలకత్తాలో ఈ రెండు రకాలూ ఒంటికి తెలిసేవి. మా చిన్నాన్న ఖిదిర్‌పూర్ రేవు వైపు పని చేసేవాడు. పలాసలో రైలెక్కి హౌరాలో దిగి ఆయన ఇంటికి వెళ్లినప్పుడల్లా ఎస్ప్లనేడ్ నుంచి ఖిదిర్‌పూర్ ట్రామే ఎక్కేవాణ్ణి. ఆ దారిలో మైదాన్ పొడవునా పట్టాలు రోడ్డు పక్కన చెట్ల కింద గడ్డిలో విడిగా ఉండేవి. 1902లో ఆ నగరంలో మొదటి విద్యుత్ ట్రాము నడిచింది ఆ దారిలోనే. మైదాన్‌లో అడుగుపెట్టగానే బండి ఒక్కసారిగా ఊపందుకునేది, కిటికీలు గలగలలాడేవి. రోడ్డులో కలిసిన చోట అదే బండి, అదే డ్రైవరు, ముందు ఒక టాక్సీ అడ్డంగా ఆగితే గంట కొట్టుకుంటూ నిలబడిపోయేవాడు. ట్రాము మెల్లగా పోతుందని జనం అంటారు గాని, మెల్లగా పోయేది ట్రాము కాదు, దాని ముందున్న టాక్సీ. రాష్‌బెహారీ అవెన్యూ నడుమ ఒకప్పుడు విడిగా ఉన్న పట్టాలను కాంక్రీటు పోసి రోడ్డులో కలిపేశారు. వాహనాలకు చోటు దొరికింది, ట్రాముకు ఉన్న ఒకే ఒక్క మేలు పోయింది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి మేనల్లుడు నా కోసమే కాచుకుని ఉన్నాడు. బడిలో నమూనాల ప్రదర్శన ఉందట. ట్రాము నగరం చేస్తాడట. అప్ప అప్పుడే తడిగుడ్డ పెట్టిన వరండా గచ్చు మీద సుద్దముక్కతో వంటింటి గుమ్మం దాకా రెండు జతల గీతలు గీసి, ఆపే చోట్ల పేర్లు బడిలో నేర్చిన ఒడియాలో రాసి, గోడ దగ్గర ఆగిపోయాడు. “మావయ్యా, ఇక్కడికొచ్చినాక బండి ఎలగ తిరుగుతాది?” అన్నాడు. ట్రాము గురించి అడగవలసిన మొదటి ప్రశ్న అదేనని నా నమ్మకం.

రెండు దారులున్నాయని చెప్పాను. బండికి రెండు కొసలా డ్రైవరు చోటు, రెండు పక్కలా తలుపులు ఉంటే తిరగనే అక్కరలేదు. చివర ఒక అడ్డపట్టా వేస్తే పక్క లైనులోకి మారి వెనక్కి పోతుంది. కలకత్తా ట్రాములకు డ్రైవరు చోటు ఒక్క ముందు కొసనే ఉంటుంది, అందుచేత ప్రతి చివరా బండి గుండ్రంగా తిరిగి వచ్చే లూపు కావాలి. సాలు కొసన అరకను తిప్పుకోవడానికి చేనులో కాస్త చోటు వదిలినట్టే, నగరం ప్రతి లైను చివరా ట్రాముకు కాస్త నేల వదలాలి. బ్రాడ్‌గేజి రైలు 175 మీటర్ల వ్యాసార్థం కంటే బిగువైన వంపు తిరగకూడదు. ట్రాము పాతిక మీటర్లలోపు కూడా తిరిగిపోతుంది. అయినా లూపుకు నలభై యాభై మీటర్ల వెడల్పు నేల తప్పదు, నగరం నడిబొడ్డున అంత నేల అంటే ఎంత ధరో చెప్పనక్కరలేదు. నేల లేనిచోట ఒకే పట్టాను నాలుగు వీధుల చుట్టూ తిప్పి తెస్తారు. బిగువు వంపులో మరో చిక్కుంది: ఒకే ఇరుసుకు బిగించిన రెండు చక్రాల్లో బయటిది ఎక్కువ దూరం పోవాలి, లోపలిది తక్కువ. రెండూ కలిసే తిరుగుతాయి గనుక ఏదో ఒకటి పట్టా మీద జారక తప్పదు. మలుపుల దగ్గర చెవులు చిల్లులు పడే కీచుమోతలో పెద్ద భాగం ఆ జారుడే.

వాడు లూపు గీసి ఊరుకోలేదు; పక్క గదిలోంచి మరో లైను తెచ్చి మొదటిదానికి కలిపాడు. ఇక్కడే మా ఇద్దరికీ సమయం తెలియలేదు. రెండు పట్టాల లైను మూడు వైపుల నుంచి వచ్చి కలిస్తే, ఎటునుంచైనా ఎటైనా పోగలగాలంటే, దారి చీలే పాయింట్లు మూడు, దారి కలిసే పాయింట్లు మూడు కావాలి. ఒక దారి మరో దారిని అడ్డంగా కోసే చోట్లు మరో మూడు వస్తాయి. ప్రతి కోతలోనూ పట్టా పట్టాను నాలుగు చోట్ల దాటుతుంది. నాలుగు రోడ్ల కూడలిలో ఇదే పని పూర్తిగా చేస్తే పాయింట్లు పదహారు, అడ్డకోతలూ పదహారు. వాడు వేళ్లు మడుస్తూ ప్రతి దారినీ సుద్దతో నడిపించి లెక్క సరిచూశాడు. చక్రం అలా గాడిని అడ్డంగా దాటేటప్పుడు ఆ సందులో పడి దబ్బుమనకుండా, అక్కడ గాడి లోతు తగ్గించి, చక్రం కాసేపు తన అంచు మీదే నడిచేలా చేస్తారని చెబితే మాత్రం నమ్మలేదు. కాగితం మీద పట్టాను కోసి చూసినట్టు బొమ్మ గీసి చూపించవలసి వచ్చింది. ఈ ముక్కలన్నీ అచ్చుపోసి, చెక్కి, కూడలికి కూడలికీ వేరే కొలతలతో చేసేవి. మామూలు పట్టా అరిగితే మార్చుకోవచ్చు, కూడలి అరిగితే ఖజానా చూసుకోవాలి. “ఏరా, నీకూ వాడికీ వేరే చోటు దొరకలేదా?” అని అప్ప చీపురుతో వచ్చింది గాని, కూడలి మాత్రం తుడవకుండా చుట్టూ తిరిగి వెళ్లింది.

ట్రాములు ప్రయాణికులు లేక చచ్చిపోతాయని అనుకుంటారు. నాకు కనిపించినంతలో అవి కూడలుల దగ్గర చస్తాయి. మెట్రో తవ్వకమనో, వంతెన బలహీనపడిందనో ఒక ముక్క తీసేస్తారు. ఆ ముక్క అవతల ఉన్న మంచి లైను కూడా డిపోకు దారి లేక మూలపడుతుంది, ఏడాది తిరిగేసరికి దాని మీద తారు పడుతుంది. హౌరా వంతెన మీద 1993లో ట్రాము ఆగింది. 2020లో అంఫాన్ తుఫానుకు తీగలు తెగి మా ఖిదిర్‌పూర్ లైను ఆగింది. 2024 సెప్టెంబరులో ఎస్ప్లనేడ్–మైదాన్ మధ్య ఒక వారసత్వ సవారీ తప్ప మిగిలినవన్నీ ఆపేస్తామని బెంగాల్ ప్రభుత్వం ప్రకటించింది. తెలుగువాళ్లకు ఒకప్పుడు ట్రాము అంటే మద్రాసు ట్రామే. 1895లో మొదలై 1953లో పోయింది.

మా ఊరి రైలు లైను సంగతి దీనికి సరిగ్గా తిరగబడి ఉంది. 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడికి వేసినది 762 మిల్లీమీటర్ల బుల్లి పట్టా, కలకత్తా ట్రాము పట్టా వెడల్పు 1435లో సగానికి కాస్త ఎక్కువ. 1931లో గుణుపూర్ దాకా పోయింది. ఆ వెడల్పును నమ్ముకుని ఉంటే ఎప్పుడో మూసేసేవారు. కాని నౌపడలో అది హౌరా–మద్రాసు ప్రధాన మార్గాన్ని కలిసింది. ఆ కలయిక ఉంది గనుకనే 2004లో ఆపినప్పుడు పీకి పారేయకుండా బ్రాడ్‌గేజిగా మార్చి మళ్లీ నడిపారు. మేనల్లుడికి ఇదే చెప్పి, డిపోను ఒక లైనుకే కాక రెండింటికీ కలపమన్నాను. వాడు రెండు చోట్లా కలిపి, తన ఇంజనీరు తెలివికి తానే మురిసిపోయాడు.

మిగిలింది పై తీగ. ట్రాలీ కర్ర పెడితే నేల మీద పాయింటు ఉన్న ప్రతిచోటా తీగలో కూడా చీలిక అమర్చాలి. కర్రకు బదులు మడత చట్రం లాంటి పాంటోగ్రాఫు పెడితే ఆ బెడద లేదు, వెడల్పైన పట్టీ ఏ తీగనైనా అందుకుంటుంది. తీగను మాత్రం కొంచెం వంకరటింకరగా లాగాలి, లేకపోతే పట్టీ ఒకే చోట అరిగిపోతుంది. వాడు వెంటనే పాంటోగ్రాఫు వైపు మొగ్గాడు. పాత గొడుగు ఊచలు సరిపోతాయని వాడి లెక్క. కీళ్ల దగ్గర మడత పడాలి గనుక సన్న రివెట్లు కావాలని, రేపు సైటు నుంచి వచ్చేటప్పుడు బజారులో చూస్తానని నేనన్నాను.