ఐదు లీటర్లు

అనంతపురం, ఆదివారం

అక్కా బావా కూతురి కాన్పు కోసం బెంగళూరు వెళ్లి వేసవి అంతా అక్కడే ఉండిపోవడంతో, వాళ్ల హాలులోని చేపల తొట్టి పక్కింటివారి దయ మీద బతికింది. పక్కింటావిడ మేత వేయడం ఏనాడూ మరువలేదు. నీళ్లు ఇంకినప్పుడల్లా, ఈ ఉప్పు బోరు నీళ్లెందుకని, తాము తాగే క్యాను నీళ్లే పోస్తూ వచ్చారు. మనిషికి మంచివైన నీళ్లు చేపకూ మంచివే అనుకోవడంలో వింతేమీ లేదు. అయినా తొట్టి చూడబోతే అంచుకు రెండు వేళ్ల కింద సున్నపు చార, దాని కింద పసుపు తిరిగిన నీళ్లు, గులకరాళ్ల సందుల్లో నల్లని బురద. గోల్డ్‌ఫిష్‌లు రెండూ పైకి వచ్చి నోళ్లు తెరుస్తూ గాలి కోసం వెతుకుతున్నాయి.

"చిన్నమ్మా, చేపల్ని బకెట్లో ఏసి, అన్నీ పారబోసి కడిగేస్తే ఒగ గంటలో అయిపోతాది గదా" అన్నాడు అక్క కొడుకు. చాలా ఇళ్లలో జరిగేది అదే. మర్నాటికి చేపలు తేలితే దిష్టి తగిలిందంటారు.

చేపల విసర్జన, తినక మిగిలి కుళ్లిన మేత అమ్మోనియాగా మారతాయి. ఫిల్టరు స్పాంజిలోనూ రాళ్ల మీదా కాపురముండే బాక్టీరియా దానిని ముందు నైట్రైటుగా, తరువాత నైట్రేటుగా మారుస్తుంది. ఈ పనిలో పుట్టే ఆమ్లాన్ని నీటిలోని కార్బొనేట్లు అణచిపెడతాయి. మా బోరు నీళ్లలో వాటికి కొదవ లేదు కానీ, ఆర్వో క్యాను నీళ్లలో దాదాపు ఉండవు. ఉన్నవి ఖర్చయిపోయి, కొత్తవి చేరక, తొట్టి నీరు మెల్లగా ఆమ్లం వైపు జరిగింది. నీటి ఆమ్లగుణాన్ని చెప్పే కొలత పిహెచ్; అది 7 కంటే ఎంత తగ్గితే అంత ఆమ్లం. చుక్కల మందు వేసి చూస్తే తొట్టిలో పిహెచ్ 6.4 దగ్గర, సంపు నీళ్లలో 7.8 దగ్గర రంగు తేలింది. అంత ఆమ్లంలో బాక్టీరియా మందగిస్తుంది కనుక అమ్మోనియా పేరుకుంటుంది. అయితే అది ఎక్కువగా అమ్మోనియం రూపంలో, పెద్దగా హాని చేయకుండా పడి ఉంటుంది. ఒక్కసారిగా బోరు నీళ్లు కుమ్మరిస్తే ఆ అమ్మోనియమే మళ్లీ విషమైన అమ్మోనియాగా మారుతుంది. 25 డిగ్రీల నీటిలో, పిహెచ్ 7 వద్ద అందులో నూటికి ఒక పాలు కూడా లేని విషరూపం, 8 వద్ద 5 పాళ్లు దాటుతుంది. లంఖణాలు చేసినవాడికి ముందు పథ్యం పెడతారు కానీ విందు పెట్టరు కదా, అక్క కొడుక్కి ఆ మాటే చెప్పాను.

60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తు ఉన్న తొట్టి నిండితే 54 లీటర్లు. అందులో ఈ రోజు తీసింది ఐదు లీటర్లే. చేయి ముంచేముందు ఫిల్టరు, ఎయిర్ పంపు ప్లగ్గులు రెండూ ఊడదీయించాను. వాడు పెట్రోలు తీసినట్టు పైపును నోటితో పీల్చబోతే ఆపి, పైపు మొత్తాన్ని నీటిలో ముంచి నింపి, కొనను బొటనవేలితో మూసి బకెట్లోకి దించడం చూపించాను. వాడి వేలి మీద పచ్చి గీరు ఉన్నందున గ్లోవ్స్ లేకుండా నీళ్లు ముట్టనివ్వలేదు. చేపల తొట్లలో ఉండే మైకోబాక్టీరియం మారినం అటువంటి గాయాల గుండానే చర్మంలోకి చేరి, నెలల తరబడి మానని గడ్డలు లేపుతుంది.

రాళ్లలో ముందు వైపు మూలన నాలుగో వంతు మాత్రమే పైపుతో పీల్చాము. పైపు మొన గుచ్చగానే నల్లని పొగ లేచి, బకెట్లోంచి కుళ్లిన గుడ్డు వాసన వచ్చింది. గాలి ఆడని బురదలో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడు అది. అడుగంతా ఒకేసారి కెలికితే చేపలకు మిగిలిన ఊపిరి కూడా దక్కదు. అసలే 30 డిగ్రీల నీటిలో లీటరుకు 7.5 మిల్లీగ్రాములకు మించి ఆక్సిజన్ ఇమడదు. నాచును ముందు అద్దం మీద మాత్రం, సబ్బు ఎరుగని కొత్త స్పాంజితో తుడిచి, వెనుక అద్దాన్ని అలాగే వదిలేశాము.

సంపులో బోరు నీళ్లతో పాటు మునిసిపాలిటీ కుళాయి నీళ్లూ కలుస్తాయి. వాటిలోని క్లోరిన్ పోవాలని నిన్న ఉదయమే ఒక బకెట్టు పట్టి హాలులోనే మూత లేకుండా ఉంచాము. దానితో వేడి కూడా తొట్టి నీటితో సమమైంది. చెంబుతో, చేపలకు దూరంగా, అద్దానికి ఆనించి పోయించాను. పోయడం పూర్తి కాగానే ఫిల్టరు ఆన్ చేయించాను, ఎందుకంటే అది ఆగి ఉన్నంతసేపూ స్పాంజిలోని బాక్టీరియాకు ప్రాణవాయువు అందదు. తీసిన నీళ్లు కరివేపాకు చెట్టుకు పోశాము.

రోజు విడిచి రోజు ఇలాగే ఐదు లీటర్లు మార్చాలని, ప్రతిసారీ ముందు పిహెచ్ చూసుకోవాలని, మేత రెండు రోజులకొకసారి చిటికెడు చాలునని కాగితం మీద రాసి తొట్టి పక్కన అంటించాను. వాడు స్పాంజిని కూడా కుళాయి కింద పెట్టి కడుగుతానన్నాడు. ఈ రోజు రాళ్లను కదిలించాము కనుక దాని జోలికి పోవద్దని, వచ్చే ఆదివారం తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే రెండుసార్లు పిండి మళ్లీ పెట్టమని చెప్పి వచ్చాను.