ఇవాళ మా తమ్ముడు కాలు మోపాడు

తుంటి ఆపరేషన్ అయిన ఆరు వారాల తర్వాత ఇవాళే వాడు వాకర్ పట్టుకుని ఎడమ కాలు నేల మీద మోపాడు, అమ్మ గుమ్మం దగ్గర నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తూనే ఉంది. వాడికి 27 ఏళ్లు. కిడ్నీ జబ్బుకి చాలాకాలం స్టెరాయిడ్స్ వాడాల్సొచ్చింది, అవి వాడటం తప్పని నేను అనను, వాటివల్లే కిడ్నీలు నిలబడ్డాయి. కానీ తర్వాత గజ్జల్లో నొప్పి మొదలైంది, మోకాలి దాకా లాగేది, బాసింపట్టు వేసుకుని అన్నానికి కూర్చోలేకపోయేవాడు. ఒకచోట చూపిస్తే ఎక్స్‌రే బానే ఉంది, నడుము నొప్పే అని మాత్రలిచ్చి పంపేశారు, నాలుగు నెలలు అలాగే పోయాయి, ఆ నెలలు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు రగిలిపోద్ది.

ఎంఆర్‌ఐలో తేలింది ఏవీఎన్ అని. తొడ ఎముక పైన బంతిలా ఉంటుందే, దానికి రక్తం అందక లోపల ఎముక చచ్చిపోతోందంట. అదృష్టం ఏంటంటే బంతి ఇంకా కుంగలేదు. కుంగితే కీలు మార్చడమే దారి అవుతుందేమో, ఈ వయసులో మారిస్తే ముందుముందు మళ్లీ మార్చాల్సి రావచ్చు అన్నారు. అందుకే కోర్ డీకంప్రెషన్ చేశారు, అంటే డ్రిల్‌తో సన్నగా దారి చేసి లోపలి ఒత్తిడి తగ్గించి, వాడి కటి ఎముకలోంచే తీసిన మూలుగ అక్కడ పెట్టారు. అందరికీ పనిచేస్తుందని గ్యారంటీ లేదని కూడా ముందే చెప్పారు.

స్టెరాయిడ్స్ వాడినవాళ్లకి, మందు బాగా తాగేవాళ్లకి, సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే, పుట్టుకతో వచ్చే రక్తం జబ్బు) ఉన్నవాళ్లకి గజ్జల్లో నొప్పి వస్తే ఎక్స్‌రే బాగుందని వదిలేయకండి ప్లీజ్, ఎంఆర్‌ఐ గురించి డాక్టర్‌ని అడగండి.

ఇందాక వాడు అక్కా మెట్లెక్కనా అన్నాడు. ఇంకా వద్దురా అన్నాను.