ఆ 98 మందిలో నేనూ ఉన్నాను

బైపాస్ అయి ఇంటికొచ్చాక పలకరించడానికి వచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట: "ఎన్‌హెచ్‌ఎస్‌లో చేయించుకున్నారా? మీకు ధైర్యం ఎక్కువే!" ఎన్‌హెచ్‌ఎస్ అంటే ఇక్కడ బ్రిటన్‌లో సర్కారు నడిపే ఉచిత వైద్యం. ఏళ్ల తరబడి ఇంగ్లండులో ఉంటున్న మనవాళ్లు కూడా ఇలాగే అంటారు. ఉచితంగా వచ్చేదంటే మనకు అనుమానం. గుంటూరు నుంచి మా బావగారైతే ఫోన్లో తేల్చేశారు: "ఏమోయ్, అక్కడ క్యూలో ఉండి చస్తావా? హైదరాబాద్ వచ్చెయ్, వారంలో కోసి పంపేస్తారు." మూడు రక్తనాళాలు పూడుకుపోయినవాడితో అనే మాటేనా అది? ఆ తర్వాత కొన్నాళ్లు ఆయన ఫోన్ మా ఆవిడే ఎత్తింది.

క్యూ సంగతి మాత్రం అబద్ధం కాదు. 18 వారాల్లో చికిత్స మొదలుకావాలన్నది ఇక్కడి లక్ష్యం. నా విషయంలో అది కాగితం మీదే ఉండిపోయింది. ఒకసారైతే పరగడుపున వెళ్లి, ఛాతీ గొరిగించుకుని, గౌను తొడుక్కుని కూర్చున్నాక ఐసీయూలో బెడ్ లేదన్నారు. తిరిగొచ్చేటప్పుడు కారులో ఎవరం నోరు విప్పలేదు. ఆ కోపం ఇంకా చల్లారలేదు, చల్లార్చుకోవాలనీ లేదు.

కత్తి పట్టే చేతుల దగ్గర మాత్రం నాకు ఫిర్యాదు లేదు. ఇక్కడి బ్రిస్టల్ ఆస్పత్రిలో గుండె ఆపరేషన్లలో పసిపిల్లలు చనిపోయిన ఘోరం మీద 2001లో విచారణ నివేదిక వచ్చింది. ఎవరి చేతిలో ఎంతమంది బతికారో లెక్కలు జనం ముందు పెట్టడం ఆ తర్వాతే మొదలైంది. మా అబ్బాయి ఆ లెక్కలన్నీ వెతికి చూపించాడు. బ్రిటన్‌లో మొదటిసారి బైపాస్ ఒక్కటే చేయించుకున్నవాళ్లలో వందకు 98 మందికి పైగా క్షేమంగా బయటపడుతున్నారు. వయసు, షుగరు, కిడ్నీలు, గుండె పంపింగ్ అన్నీ వేసి యూరోస్కోర్ అని ఒక లెక్క కడతారు. నా రిస్క్ ఎంతో అలా తేల్చి, చూపించాకే సంతకం పెట్టించుకున్నారు.

ఆపరేషన్ గురించి చెప్పడానికేం లేదు, నేను మత్తులో ఉన్నాను. ఛాతీ కన్నా, గుండెకు కొత్త దారిగా (గ్రాఫ్ట్ అంటారు) కుట్టడానికి సిర తీసిన కాలే ఎక్కువ సలిపింది.

ఐసీయూ నుంచి వార్డుకు మార్చాక ఒక రాత్రి గుండె ఉన్నట్టుండి గాడి తప్పి కొట్టుకోవడం మొదలుపెట్టింది. మానిటర్ మీద 150. కేరళ నర్సమ్మాయి పరుగున వచ్చింది, వెనకే నైట్ డ్యూటీ కుర్ర డాక్టరు. నా మొహం చూడలేదు. మంచం చివర నిలబడి ఆమెను అడిగాడు: "గ్రాఫ్ట్ మూసుకుపోయిందన్నారు, ఈయనేనా?" ఆమె ఏం చెప్పిందో నాకు వినిపించలేదు. డ్రిప్‌లో ఏదో మందు ఎక్కించమని చెప్పి వెళ్లిపోయాడు.

అంటే మళ్లీ కోస్తారన్నమాట అనుకున్నాను. ఫోన్ మంచం పక్కన అల్మరా మీద ఉంది. చేతులు ఆనించి లేవకూడదు, కాబట్టి అందదు. ఇంటి లోను ఏ అకౌంట్ నుంచి కడుతున్నానో మా ఆవిడకు తెలియదే అని ఒకటే టెన్షన్. ఆంజనేయ దండకం మొదలుపెడితే సగంలో మర్చిపోయి, మళ్లీ మొదటికి వచ్చాను. తెల్లవారుజామున నర్సమ్మాయి సెలైన్ మార్చడానికి వచ్చి నా కళ్లు చూసింది. "అంకుల్, ఆ మాట మీ గురించి కాదు. మీది రిథమ్ తేడా, అంతే. తగ్గుతోంది చూడండి" అంది. ఆ తల్లి చల్లగా ఉండాలి. అప్పుడు ఏడ్చాను. కాసేపటికి, అయితే అది వార్డులో ఇంకెవరికో నిజమే కదా అని తట్టింది.

బైపాస్ అయినవాళ్లలో ముగ్గురిలో ఒకరికి దాకా ఈ రిథమ్ తేడా వస్తుందట. చాలామందికి మందులతో సర్దుకుంటుందట. ఈ ముక్క ముందే చెప్పుంటే ఆ రాత్రి సగం భయం ఉండేది కాదు. మీ ఇంట్లో ఎవరికైనా బైపాస్ ఉంటే సంతకం పెట్టే రోజే దీని గురించి అడగండి. దగ్గేటప్పుడు ఛాతీకి అదుముకోవడానికి ఒక టవల్ చుట్టి పెట్టుకోండి. నడుస్తుంటే ఛాతీ పట్టేస్తే గ్యాస్ అని సర్దుకుపోకండి, మనవాళ్లకు గుండెజబ్బు ముప్పు ఎక్కువ.

ఆపరేషన్‌కు నా జేబులోంచి ఒక్క పౌండు కూడా పోలేదు. మా ఆవిడ అన్నవరంలో వ్రతం మొక్కుకుంది, వచ్చే కార్తీకంలో వెళ్తాం.

ఆ రాత్రి గురించి ఆస్పత్రి ఫిర్యాదుల విభాగానికి రాశాను. "మీకు కలిగిన ఆందోళనకు చింతిస్తున్నాం" అని జవాబొచ్చింది. ఆ కుర్రాడికి శిక్ష వేయమని నేను అడగలేదు, మాట్లాడే ముందు రోగి చేతి పట్టీ మీద పేరు చూసుకోమనండి చాలు అని మళ్లీ రాశాను. ప్రాణం దక్కింది కదా, ఇక వదిలెయ్యండి అంటుంది మా ఆవిడ. జవాబు వచ్చేదాకా వదలను.